పెరటి బొప్పాయి, చోడంబలి కలిసిన పొద్దుటి గ్లాసు

ఎండలు ముదిరాయంటే ఒడిశాలో బళ్లు పొద్దుటి పూటకు మారిపోతాయి. ఆరున్నరకల్లా నేను బడిలో ఉండాలి, పిల్లలకు లెక్కలు చెబుతాను. మా అమ్మాయి కూడా అదే వేళకు బయల్దేరుతుంది. మా ఆయన ఏడింటికి పాతపట్నం బండెక్కుతారు. ఉండేది పర్లాకిమిడిలో, ఉద్యోగం పొలిమేర అవతల ఆంధ్రాలో. మా వీధిలో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. ఆ చీకటి వేళ ఇడ్లీ ఎవరి నోటికీ ఎక్కదు. అలాగని ఖాళీ కడుపుతో వెళ్తే తొమ్మిదింటికల్లా తల తిరుగుతుంది. అందుకే మా ఇంట్లో వేసవంతా పొద్దున్నే ఒక గ్లాసు స్మూతీ. ఇప్పుడు వేసవి వెళ్లినా ఆ అలవాటు పోలేదు.

స్మూతీ అనగానే ఐస్‌క్రీమ్, పంచదార, పాలప్యాకెట్ కలిపి తిప్పిన తియ్యటి పానీయం గుర్తొస్తుంది చాలామందికి. మేం చేసేది అది కాదు. పెరట్లో పండిన పండు, రాత్రి కాచిన చోడంబలి (అంటే రాగి అంబలి), ఇంట్లో తోడేసిన పెరుగు. పంచదార వెయ్యం, బెల్లం వెయ్యం, తేనె కూడా వెయ్యం. తియ్యగా ఉండదేమో అనుకుంటారు. ఉంటుంది, పండు సరైన వేళకు కోస్తే. స్మూతీ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఇదే. పండు ఏ దశలో కోశాం, ఎలా మాగబెట్టాం అన్నవి చూసుకున్నాకే మిక్సీ సంగతి.

బొప్పాయితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా గ్లాసులో ఎక్కువ రోజులు ఉండేది అదే.

బొప్పాయిని చెట్టు మీదే పూర్తిగా పండనిస్తే కాకులు, ఉడతలు మనకు మిగల్చవు. మరీ పచ్చిగా కోస్తే మెత్తబడుతుంది గానీ తీపి రాదు, గుమ్మడికాయ తిన్నట్టు ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దశ ఉంది. కాయ అడుగున, గాడుల మధ్య, సన్నటి పసుపు చార ఒకటి కనబడుతుంది. వెలుతురులో కాయని కొంచెం తిప్పి చూస్తే గాని తెలియదు. అప్పుడు గోటితో తొక్క మీద చిన్న గీత గీయండి. పచ్చి కాయైతే చిక్కగా, తెల్లగా పాలు కారుతాయి. కోతకొచ్చిన కాయకి ఆ పాలు పలచబడి నీళ్లలా ఉంటాయి. రెండు గుర్తులూ కలిశాక కోసి, తొడిమ కిందికి పెట్టి, గడ్డి మీద నీడలో ఉంచితే మూడు నాలుగు రోజుల్లో కాయంతా పసుపెక్కుతుంది. తొందరుంటే పక్కన రెండు ముగ్గిన అరటిపళ్లు పెడతాను. అరటిపండు వదిలే ఇథిలీన్ వాయువుతో పక్కనున్న కాయ కూడా తొందరగా పండుతుంది. మా అత్తయ్యగారు బియ్యం డబ్బాలో మామిడికాయలు పూడ్చిపెట్టేవారు. ఆ వాయువు బయటికి పోకుండా బియ్యం పట్టి ఉంచుతుంది కాబట్టే అవి అంత త్వరగా ముగ్గేవి. కార్బైడ్ పొడి పెట్టి మాగబెట్టడం మన దేశంలో నిషేధం. అయినా బజార్లో అలాంటి పళ్లు దొరకడం మానలేదు. పైన నిండా పసుపు, లోపల గట్టి, వాసన లేదు. అలాంటి పండుతో చేసినప్పుడే పంచదార డబ్బా వైపు చెయ్యి వెళ్తుంది.

ఒక జాగ్రత్త. పండకముందు బొప్పాయినీ అరటినీ ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి పండే పని ఆగిపోతుంది, తర్వాత బయటపెట్టినా సరిగ్గా పండవు. పండాక పెట్టుకోవచ్చు.

మా పెరట్లో ఇప్పుడున్న చెట్లన్నీ తిత్లీ తర్వాత వేసినవే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో ఆ గాలీ ఆ వానా చూసినవాళ్లు ఇప్పటికీ ఆ పేరెత్తితే మాట తగ్గిస్తారు. కొండల్లో ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి, మట్టిపెళ్లలు విరిగిపడి మనుషులు పోయారు. వాళ్ల కష్టంతో పోలిస్తే మా నష్టం నష్టమే కాదు. రెండు కొబ్బరిచెట్లు, మామగారు వేసిన సువర్ణరేఖ మామిడి, అరటి తోపు పడిపోయాయి. మామిడి పోయిన బాధ మాత్రం అత్తయ్యగారికి చాలా కాలం ఉంది. మళ్లీ ఏం వేద్దామా అని చూస్తే, అంట్లు కట్టిన మామిడికైనా కాపుకు ఏళ్లు పడుతుంది. బొప్పాయి ఏడాది తిరక్కుండా కాస్తుంది. అరటి ఏడాదికి గెల వేస్తుంది. అలా ఈ రెండే మా పెరటిని ముందుగా నిలబెట్టాయి. అంటు మామిడి, జామ, సీతాఫలం, సపోటా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

అరటిలో మాది కర్పూర. పండు చిన్నది, తొక్క పలచన, కొంచెం పులుపు తగిలే తీపి. పెరుగుతో ఇది కుదిరినట్టు మరొకటి కుదరదని నా అభిప్రాయం. చక్కెరకేళి ఒట్టిగా తినడానికి బాగుంటుంది, స్మూతీలో మాత్రం తీపి ఎక్కువైపోతుంది. గెల ఒకేసారి ముగ్గుతుంది కదా, ఇరుగుపొరుగుకు అత్తాలు పంచాక కూడా మిగిలిపోతాయి. మిగిలినవాటి తొక్క తీసి, ముక్కలు కోసి, ముందు పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తర్వాత డబ్బాలోకి ఎత్తుతాను. ఇలా చేస్తే ముక్కలు అంటుకోవు. గడ్డకట్టిన అరటి ముక్క వేస్తే ఐసు అవసరం ఉండదు, గ్లాసు చిక్కగా వస్తుంది.

ఇక చోడంబలి. బయట రాగి అంటారు, మా వైపు చోళ్లు. రోడ్డవతల మా ఒడియా ఇరుగుపొరుగు మాండియా అంటారు. కోరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో సవరలు, ఇతర గిరిజనులు ఎప్పట్నుంచో పండించుకు తింటున్న పంట ఇది. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక బజార్లో గౌరవం పెరిగింది. మా చిన్నప్పుడు చోడంబలి తాగుతామని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లుండేవారు. ఇప్పుడు అదే పిండిని అందంగా ప్యాక్ చేసి అమ్ముతున్నారు. నాకు సంతోషమే.

మేం కాచే పద్ధతి పాతదే. చోడిపిండి నీళ్లలో కలిపి ఒక పగలంతా పులియబెడతాను. సాయంత్రం గుప్పెడు బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, పులిసిన పిండి నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ కాస్తాను. పిండి ఉడికిందో లేదో తడి వేలితో తాకి చూస్తే తెలుస్తుంది, వేలికి అంటుకోకూడదు. రాత్రి కుండలో ఉంచితే పొద్దుటికి చల్లగా, కొద్దిగా పులుపెక్కి ఉంటుంది. పులియబెట్టడం రుచికోసమే కాదు. చోళ్లలో ఇనుము, కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్ పులుపులో తగ్గుతుంది. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని చెబుతారు, నిజమే. కానీ మా గ్లాసులో పడేది 15 గ్రాముల లోపు పిండే. కాబట్టి ఇది తాగితే ఎముకలు ఇనుమైపోతాయని నేను చెప్పను. మిగతా కాల్షియం పెరుగు నుంచి, మునగాకు నుంచి రావాలి. చోడంబలి చేసే పెద్ద మేలు వేరే ఉంది. పండు ఒక్కటే తాగితే గంటలో ఆకలేస్తుంది, అంబలి కలిస్తే పదింటిదాకా ఆగుతుంది.

ముగ్గురికి నా కొలతలు చెబుతాను. బొప్పాయి ముక్కలు సుమారు 200 గ్రాములు, అంటే కప్పున్నర. గడ్డకట్టిన కర్పూర అరటి ముక్కలు 100 గ్రాములు, పండు సైజుని బట్టి ఒకటో రెండో. చోడంబలి ఒక కప్పు, పెరుగు ఒక కప్పు. పచ్చికొబ్బరి కోరు రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు, నాలుగు మిరియాలు, అల్లం కొంచెం. మిక్సీలో ముందు అంబలి, పెరుగు పోయాలి, వాటి మీద బొప్పాయి, అన్నిటికన్నా పైన గడ్డకట్టిన ముక్కలు. కింద ద్రవం లేకపోతే బ్లేడు గాలిలో తిరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. ఆపి ఆపి తిప్పాలి. ఒక్కసారిగా ఎక్కువసేపు తిప్పితే నురగే వస్తుంది, వేడికి రుచి కూడా మారుతుంది. కొబ్బరి ఊరికే వెయ్యలేదు. బొప్పాయికి ఆ రంగునిచ్చే కెరోటిన్లు ఒంట్లో విటమిన్ ఎ అవుతాయి, అవి ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. కొబ్బరి లేని రోజు పెరుగు మీగడతో వేస్తాను.

మా దగ్గర తెల్లవారుజామున కరెంటు పోవడం మామూలే. ఆ రోజు కవ్వం తీస్తాను. బాగా ముగ్గిన బొప్పాయి, గడ్డకట్టని అరటి చేత్తో మెదిపి, అంబలీ పెరుగూ పోసి చిలికితే చక్కగా కలుస్తుంది. పళ్లకింద ముక్క తగులుతుంది, అదీ బాగుంటుంది. మా అమ్మాయికి మిక్సీ గ్లాసు కన్నా ఇదే ఇష్టం.

వెంటనే తాగాలి. ఇది నేను మా ఇంట్లో గట్టిగా చెప్పే మాట. బొప్పాయిలో పపైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి వేసేది దానికోసమే. పండులో అది బాగా తగ్గిపోతుంది గానీ పూర్తిగా పోదు. పాలలోని, పెరుగులోని ప్రొటీన్లను అది ముక్కలు చేస్తూ పోతుంది, ఆ ముక్కలు చేదుగా ఉంటాయి. చేసిన పది నిమిషాల్లో తాగితే తెలియదు. బాటిల్లో పోసి బడికి పట్టుకెళ్తే పదింటికి చేదు. పెరుగు పాడైందనుకుని పారబోస్తారు పాపం, పెరుగు తప్పేం లేదు.

అనాసతో ఇది ఇంకా ఎక్కువ. ఆషాఢం వచ్చేసరికి కొండల మీంచి సవరలు అనాస పళ్లు సంతకు దించుతారు. అటు సీతంపేట మన్యం నుంచీ వస్తాయి. సంత దగ్గరికి వెళ్లక ముందే వాసన తెలుస్తుంది. మా పెరట్లో కూడా అనాస తలలు నాటి పెట్టాను, కాపుకు ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అనాసను పచ్చగా కోసి ఇంట్లో ఎంత ఉంచినా తీపెక్కదు. బొప్పాయి, అరటి, మామిడి కోశాక కూడా పండుతాయి, అనాసకు ఆ గుణం లేదు. అందుకే అడుగు దగ్గర పసుపెక్కి, అక్కడ వాసన వచ్చే పండే కొనాలి. అనాసలో ఉండే బ్రొమెలిన్ అనే ఎంజైమ్ పెరుగును బొప్పాయి కన్నా వేగంగా చేదెక్కిస్తుంది. నాలుక మీద చురుకు పుట్టించేదాంట్లో దాని వంతూ ఉంది. దీనికి విరుగుడు వేడి. అనాస ముక్కలు చిన్నవి కోసి, వాటి నీళ్లలోనే బాగా కాగనిచ్చి, చల్లార్చి వేస్తే ఎంజైమ్ పనిచెయ్యదు. అప్పుడు బాటిల్లో పోసినా ఏమీ కాదు. విటమిన్ సి కొంత తగ్గుతుంది, ఆ రోజుకు ఒక జామకాయ కొరుక్కుంటే సరి.

జామని నేను స్మూతీలో వెయ్యను. గింజలు నలిగి గరగరలాడతాయి, వడకడితే పీచు పోతుంది. పీచు పోయాక మిగిలేది జ్యూసే. జామ కొరికి తినడానికే ఉంది. సీతాఫలం కార్తీకం ముందు దొరికినన్నాళ్లూ వేస్తాను, చాలా బాగుంటుంది. కానీ ఒక్క గింజ కూడా మిక్సీలో పడకూడదు. సీతాఫలం గింజలు విషం. పూర్వం ఆ పొడి పేలకు, పురుగులకు వాడేవారు, కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. గుజ్జును జల్లెడ మీద చేత్తో రుద్ది గింజలు తీసేశాకే వెయ్యాలి. ఈ పని నేనే చేస్తాను, పిల్లకి అప్పగించను.

స్మూతీ మనకు టీవీలోంచి వచ్చిందనుకుంటాం గానీ, మా వీధి ఒడియా ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. ఏప్రిల్ నడిమిలో వాళ్ల కొత్త సంవత్సరం వస్తుంది, పణా సంక్రాంతి. ఆ రోజు ప్రతి ఇంట్లో బేల పణా చేస్తారు. బేల అంటే మారేడు పండు. దాని గుజ్జు నీళ్లలో నానబెట్టి చేత్తో పిసికి, గింజలు, పీచు తీసేసి, అందులో ఛెన (విరిగిన పాల ముద్ద), మెదిపిన అరటిపండు, కొబ్బరి కోరు, మిరియాల పొడి, బెల్లం కలుపుతారు. మా ఎదురింటి మావుసీ నాకు పిలిచి నేర్పించారు. "మిక్సీ వద్దమ్మా, గింజ చితికితే చేదు. చేత్తోనే చెయ్యాలి" అన్నారు, తెలుగులోనే. మా వీధిలో అందరం రెండు భాషలూ కలిపేస్తాం. శ్రీరామనవమికి మేం చేసే పానకం ఆవిడకి పంపిస్తాను, వారం రెండు వారాల తేడాలో ఆవిడ బేల పణా మాకొస్తుంది. నా స్మూతీలో మిరియం, కొబ్బరి ఆ ఇంటి నుంచి వచ్చినవే. వేసవిలో మారేడు దొరికితే బొప్పాయి బదులు మారేడు గుజ్జు వేసి అంబలితో చేస్తాను. పొట్టకి ఎంత హాయిగా ఉంటుందో.

ఇక షుగర్ సంగతి. మా ఆయనకు షుగర్ ఉందని తేలాక ఈ గ్లాసు మానెయ్యాలా అని చాలా టెన్షన్ పడ్డాను. డాక్టరుగారు పళ్లు మానొద్దు, జ్యూసు మానండి, కొలత దాటకండి అన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా రోజుకు పళ్లు 100 గ్రాములు అని ఉంది, రసం కన్నా పండే మేలని ఉంది. పైన నేను రాసిన కొలత ముగ్గురికి 300 గ్రాములు, అంటే మనిషికి 100. దానికి మించి వెయ్యను. ఆయన గ్లాసులో అరటి తగ్గించి పెరుగు పెంచుతాను, అరటి కూడా మచ్చలు పడనిది, అప్పుడే పసుపెక్కినది తీసుకుంటాను. ముగ్గేకొద్దీ అరటిలో పిండి చక్కెరగా మారుతుంది, అందుకని. దాంతోపాటు ఉడికించిన గుడ్డో, గుప్పెడు నానబెట్టిన వేరుశనగలో తినాలి. గటగటా తాగెయ్యకుండా కూర్చుని నెమ్మదిగా తాగాలి. మిక్సీలో తిప్పిన పండు నమిలిన పండు కన్నా త్వరగా లోపలికి పోతుంది కదా. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం అరటి విషయంలో డాక్టర్నడిగి తీరాలి, అందులో పొటాషియం ఎక్కువ.

బెల్లం, తేనె మంచివే కదా అని చాలామంది అడుగుతారు. ఒంట్లోకి వెళ్లాక అవీ చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించమన్న చక్కెరల్లో తేనె కూడా ఉంది. పండు బాగా పండితే వాటి అవసరమే రాదు.

పెరట్లో నాలుగడుగుల జాగా ఉన్నవాళ్లకి నేను ముందు బొప్పాయే వెయ్యమంటాను. తొలకరి పడగానే మూరెడు ఎత్తున మట్టి గుట్ట చేసి దాని మీద నాటండి. బొప్పాయి ఎండకు తట్టుకుంటుంది గానీ మొదట్లో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి పడిపోతుంది, మహేంద్రతనయ పొంగే మా ఊళ్లో ఇది మరీ ముఖ్యం. ఇంటి పండు గింజలతో పెంచిన నారైతే ఒక్కో గుంటలో మూడు మొక్కలు పెట్టండి. పూత వచ్చేదాకా ఏది ఆడదో ఏది మగదో తెలియదు. పొడుగాటి కాడలకు గుత్తులుగా చిన్న పూలు వేలాడితే అది మగచెట్టు, కాయదు. కాండానికి ఆనుకుని లావుపాటి మొగ్గ వస్తే ఆడచెట్టు. కాసేది ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యండి, చుట్టుపక్కల ఎక్కడో ఒక మగచెట్టు ఉంటే చాలు. ఆకులు ముడుచుకుని, కాయల మీద వలయాల్లా మచ్చలు కనిపిస్తే అది వైరస్ తెగులు, పేనుబంక ద్వారా పాకుతుంది. దానికి మందు లేదు. ఆ చెట్టు వెంటనే పీకి దూరంగా పారెయ్యాలి, మనసొప్పకపోయినా సరే. జూన్‌లో నాటితే వచ్చే వేసవి బళ్లు పొద్దుటి పూటకు మారేసరికి మీకూ పసుపు చార కనబడుతుంది.